గవిరమ్మ గుమ్మం

అనగా అనగా, మీ ముత్తాతల ముత్తాతలు కూడా పుట్టనప్పుడు, ఒక కోట ఉండేది. కోట గోడ వెనకాల మేదర గుడిసెలు. అక్కడ గవిరమ్మ అనే ముసల్ది చేటలు అల్లుకుంటూ, తల్లిలేని మనవరాలు బంగారిని సాకేది.

రాజుకి ఏనుగుల సాల కావాల్సొచ్చింది. భటులొచ్చి గుడిసెలు పీకేశారు. జనం వాగు ఒడ్డుకి పోయారు. పిల్లలకి దగ్గు పట్టుకుంది. రాజుకి పూలతోట కావాల్సొచ్చింది. మళ్లీ పీకేశారు. జనం ఊబినేలకి పోయారు. దోమలు, జ్వరాలు, వాటి వెనకే అమ్మవారు. మూడు గుడిసెల్లో పోసింది. మూడోది గవిరమ్మదే. ఒళ్లంతా పొక్కులతో పడుకున్నది బంగారి.

అమ్మవారు పోసిన ఇంటి గుమ్మానికి వేపమండ కడతారు. ఆ గుమ్మం లోపలివాళ్లు దాటరు, బయటివాళ్లు దాటరు. మూడు గుమ్మాలకీ గవిరమ్మే కట్టింది.

అప్పుడు రాజుగారి కూతురి పెళ్లి ఊరేగింపుకి దారి కావాల్సొచ్చింది.

"ఓసే ముసలీ, లే!" అన్నాడు భటుల పెద్ద.

"లోపల మనిసుంది బాబూ. అమ్మోరిని ఓ కాడ కూకోబెట్టినాం. గుమ్మం పీకేస్తే ఆయమ్మా మాతోపాటే బయలెల్తాది."

వాళ్లు పగలబడి నవ్వారు. మండలు తెంపారు, గుడిసెలు కూల్చారు. మిగతా రెండు గుడిసెలవాళ్లు రోగుల్ని మోసుకుని తలో ఊరూ పట్టారు.

గవిరమ్మ కదల్లేదు. రెండు వెదురు బొంగులు పాతి, వేపమండ కట్టి, మధ్యలో కూర్చుంది. వెనకాల చాప మీద బంగారి.

"ఇల్లు నేకపోతే ఏటి? గుమ్మానికి నానున్నాను" అంది.

వాన పట్టుకుంది. ఎవరో జాలిపడి దూరంగా పెట్టిన గంజంతా పిల్లకే తాగించింది. తొమ్మిదో పొద్దున బంగారి కళ్లు తెరిచి, "మామ్మా, ఆకలేస్తంది" అంది. మామ్మ పలకలేదు. కూర్చున్నది కూర్చున్నట్టే చల్లబడిపోయింది.

ముసల్దాన్ని మట్టిచేశారు. పిల్లని చుట్టాలు తీసుకుపోయారు. బొంగులు మాత్రం అలాగే ఉండిపోయాయి.

ఈలోపు అమ్మవారు ఊళ్లు తిరిగి, సంత తిరిగి, కోటలో కాలు పెట్టింది. పెళ్లికూతురు మంచం పట్టింది. ఇదంతా ఆ ముసల్దాని గుమ్మం వల్లేనని రాజు మండిపడి, ఆ బొంగులు పీకెయ్యమన్నాడు.

భటులొచ్చారు. "లోపల మనిసుంది బాబూ" అని వినిపించింది. పారిపోయారు. మళ్లీ వచ్చారు. "లోపల మనిసుంది బాబూ." మళ్లీ పారిపోయారు. మూడోసారి భటుల పెద్ద ఒక్కడే వచ్చి బొంగుల మధ్యకి చెయ్యి చాపాడు. ఏమీ లేని చోట చేతికి తడిక తలుపు తగిలింది. జ్వరమొచ్చిన ఒంటిలా కాలుతోంది. అవతల పసిపిల్ల మూలుగుతోంది.

పెళ్లికూతురు బతకలేదు. రాజు మంచివాడయ్యాడని ఎవరూ చెప్పరు. భయపడ్డాడు, అంతే. ఆ భయంతోనే గట్టి నేల మీద మేదరవాళ్లకి చోటిచ్చాడు.

ఇప్పటికీ ఆ వైపు కొత్త ఇల్లు కట్టేటప్పుడు ముందుగా ద్వారబంధం నిలబెడతారు. గోడలు లేవకముందే ఒక ముసలమ్మని అందులో కూర్చోబెట్టి, "లోపల మనిసుందా?" అని మూడుసార్లు అడుగుతారు. ముసలమ్మ నోరు విప్పకూడదు. జవాబు ఆమె వెనకనుంచి, ఆ ఖాళీ చోటులోంచి రావాలి. వచ్చేదాకా ఎవరూ తట్టెడు మట్టి కూడా ఎత్తరు.

నిజంగా వస్తుందా అని అడిగితే, "ఇన్ని ఇళ్లు ఎలా లేచాయనుకున్నావు?" అంటారు.