పంటిగాటు నెమలి

జీడికొండ దిగువన పొణికి చెట్ల అడవి ఒకటుండేది. కొండముచ్చులు, ఉడతలు, కుందేళ్ళు, నక్కలు, లెక్కలేనన్ని పిట్టలు అందులో బతికేవి. వాటిలో ఒక ముసలి వడ్రంగిపిట్టను అందరూ చెక్కల తాత అనేవారు.

ఏటా చలి మొదలవగానే తాత పొణికి చెక్కతో బొమ్మలు చెక్కేవాడు. ఏనుగు, ఎలుగు, జింక, తాబేలు, నెమలి. ఒక్కో బొమ్మనూ టేకాకులో చుట్టి, ముల్లు గుచ్చి, వారపు సంతలో అమ్మేవాడు. పొట్లానికి గుప్పెడు రేగుపళ్ళు. లోపల ఏ బొమ్మ ఉందో విప్పేదాకా ఎవరికీ తెలియదు. బతిమాలినా తాత చెప్పడు. పిల్లలకు అదొక పెద్ద సరదా. పెద్దలకు అంతకన్నా పెద్ద సరదా, పైకి ఒప్పుకోరు గానీ.

ఆ ఏడు తాత పురి విప్పిన నెమలిని చెక్కడం మొదలుపెట్టాడు. మూడు పూర్తయ్యేసరికి ముక్కు వాచిపోయింది. "ఈ ఈకల పని ఇక నా వల్ల కాదర్రా!" అని మానేశాడు. అలా అడవి మొత్తానికి పురి విప్పిన నెమళ్ళు మూడే మిగిలాయి.

పైడమ్మ అనే కొండముచ్చు ఆ ఏడు నాలుగు పొట్లాలు కొంది. నాలుగింట్లోనూ ఏనుగే వచ్చింది. పక్క చెట్టు తొర్రలో ఉండే నూకాలు అనే ఉడత పిల్లల పోరు పడలేక ఒకే ఒక్క పొట్లం కొంది. ముల్లు లాగితే పురి విప్పిన నెమలి!

అడవిలో సగం జనం నూకాలు ఇంటికి వచ్చి చూసి వెళ్ళారు. మిగతా రెండు నెమళ్ళు ఎవరి పొట్లాల్లో పోయాయో ఎవరికీ తెలియలేదు.

"ఎంత అదృష్టమే నూకాలూ!" అని కుందేలు మురిసిపోయింది.

ఆ మాట పైడమ్మ చెవిన పడింది. ఆమెకు కడుపు మండిపోయింది. 'నాలుగు కొన్న నాకు రాలేదు, ఒక్కటి కొన్న దానికి వచ్చిందా? పైగా ఆ పిల్లలు దాన్ని మట్టిలో పడేసి ఆడుతున్నారు!' అనుకుని పళ్ళు కొరికింది. ఆ రోజు నుంచి నూకాలు చెట్టు వైపు చూడటమే మానేసింది. కూర్చున్నా అటు వీపు పెట్టి కూర్చునేది.

కానీ కళ్ళు మూసుకుంటే నెమలే కనిపించేది.

నూకాలును అడిగితే పోయేది. చచ్చినా అడగదు. సంతలో బేరాలు చేసే నక్క అప్పలకొండ దగ్గరకు తానే వెళ్తే నలుగురూ నవ్వుతారు. అందుకని ఒక ఉపాయం పన్నింది. కాకిని పిలిచి గుప్పెడు రేగుపళ్ళిచ్చింది.

"నా పేరెత్తకుండా అడిగి రా. పురి విప్పిన నెమలి ఎంతకి వస్తుందో కనుక్కో."

కాకి వెళ్ళి అడిగింది. నక్క ఒక చెవి పైకెత్తింది. "దొరకడం కష్టం. దొరికితే ఒక బుట్ట రేగుపళ్ళు."

బుట్టా! పైడమ్మ గుండెలు బాదుకుంది. పై వారం తొండను పంపింది. దానికీ తన పేరు మాత్రం చెప్పొద్దంది. నక్క రెండు చెవులూ ఎత్తింది. "నిన్నగాక మొన్న ఇంకొకరు అడిగి వెళ్ళారు. ఇప్పుడు మూడు బుట్టలు."

'ఎవరో నాకు పోటీ వస్తున్నారు!' అని పైడమ్మకు నిద్ర పట్టలేదు. ఆ ఎవరో తనకంటే ముందు కొనేస్తే? నూకాలు తొర్రలో ఒకటి, వాళ్ళింట్లో ఒకటి, తన ఇంట్లో నాలుగు ఏనుగులు! ఆ తలపే భరించలేకపోయింది. మూడో వారం ఎలుకను పంపింది. నక్క ఈసారి లేచి నిలబడింది. "ఎంతమంది ఎగబడుతున్నారమ్మా ఈ బొమ్మ కోసం! అయిదు బుట్టలు. అదైనా వచ్చే సంతకి ఉంటుందో లేదో."

పైడమ్మ ఇంట్లో ఉన్నవే ఆరు బుట్టల రేగుపళ్ళు, తానే ఉప్పు రాసి ఎండబెట్టినవి. వాగులు ఎండే వేసవిలో తనకూ, చంకలో పిల్లకూ అవే తిండి.

నాలుగో సంతకు తానే వెళ్ళింది.

"బొమ్మ దొరికింది. ఆరు బుట్టలు," అంది నక్క.

"తోక దగ్గర పంటిగాటు ఉందే!"

"మూడు నెమళ్ళలో పంటిగాటున్నది ఇదొక్కటేనమ్మా. అలాంటిది ఇంకోటి దొరకదు."

పైడమ్మ ఆరు బుట్టలూ పోసి నెమలిని అందుకుంది. నేరుగా నూకాలు చెట్టుకు వెళ్ళి, కొమ్మ మీద దాన్ని దర్జాగా నిలబెట్టింది. నూకాలు ముఖం మాడిపోతే చూడాలని ఆమె ఆశ.

ఉడత పిల్లలు తొర్రలోంచి దూకాయి. "అమ్మా! మన నెమలి మళ్ళీ వచ్చింది! ఇదిగో తమ్ముడు కొరికిన గాటు!"

"ఇది మీదా?" అంది పైడమ్మ.

"అవునక్కా, అది మాదే," అంది నూకాలు. "అమ్ముడుపోగానే రెండు బుట్టలిస్తానని అప్పలకొండ మొన్న పట్టుకెళ్ళాడు. వేసవికి పిల్లలకు తిండి అవుతుందని ఇచ్చేశాను. దాని కోసం ముగ్గురు పోటీ పడుతున్నారట! కాకి, తొండ, ఎలుక. వాటికి బొమ్మలెందుకో నాకైతే అర్థం కాలేదు."

కాకి, తొండ, ఎలుక. పైడమ్మ కొమ్మ మీద చతికిలబడింది. ఇన్నాళ్ళూ తాను భయపడిన ఆ పోటీదారులు ముగ్గురూ తానే!

"నువ్వు అడిగి ఉంటే ఊరికే ఇచ్చేదాన్ని కదక్కా," అంది నూకాలు. "పిల్లలకు దానితో ఆడి ఆడి ఎప్పుడో విసుగొచ్చింది."

మర్నాడు పైడమ్మ నెమలిని తీసుకుని నక్క దగ్గరకు పరుగెత్తింది.

"వెనక్కి తీసుకో. మూడు బుట్టలివ్వు చాలు."

"కొనేవారేరీ?" అంది నక్క. "నాలుగు రోజులుగా ఒక్కరూ అడగలేదు. ఆ కాకో, తొండో మళ్ళీ వస్తే చూద్దాం."

అవి ఇక రావని పైడమ్మకు తెలుసు. ఎందుకు రావో చెప్పడానికి మాత్రం నోరు రాలేదు.

వేసవి వచ్చింది. వాగు ఎండింది. పిల్ల ఆకలికి ఏడుస్తుంటే పైడమ్మ తల దించుకుని నూకాలు చెట్టెక్కింది. చచ్చినా అడగనన్న ఆ ఇంట్లోనే చేయి చాపింది. నూకాలు ఆ చేతి నిండా రేగుపళ్ళు పోసింది. పిల్లకు పెట్టి తానొకటి నోట్లో వేసుకోగానే, ఆ ఉప్పు రుచిని బట్టి పైడమ్మకు తెలిసిపోయింది, అవి తన బుట్టల్లోని పళ్ళేనని.

నీతి: పక్కవాడి మీద ఈర్ష్యతో వస్తువు కోసం పరుగెత్తితే, దాని ధర పెంచేది మనమే, ఆ ధర చెల్లించేదీ మనమే.