శుభం పడ్డాక పాట

ఇంతకుముందు ఒక్క కథైనా రాసిన చెయ్యి కాదిది. తన సంగతే అయినా "నేను" అని రాసుకోవడానికి సిగ్గనిపించి, నాంచారమ్మ అని పేరుపెట్టి రాస్తోంది. పెద్దలు తప్పులు మన్నించాలి.

ఖాజా మాస్టారు మా ఊరి సినిమాహాల్లో ముప్పయ్యేళ్ళుగా ఆపరేటరు. ఎవరేమడిగినా ఆయన జవాబు చెప్పరు, పని చెబుతారు. ఆడవాళ్ళ గేటు దగ్గర టిక్కెట్లు చింపే నాంచారమ్మ నలభై మూడేళ్ళ వయసులో ఆయన దగ్గర మిషను నేర్చుకుంటోంది. ఒకనాడు మిషనుకు నూనె వేస్తూ అడిగింది.

"మాస్టారూ, పోయిన వారం సినిమా చెత్తగా ఉందని మూడోనాడే ఎత్తేశాం. ఈ రాకుమారుడి కత్తుల సినిమా అంతకంటే చెత్త. కత్తి తగిలితే వంగిపోద్ది, గుర్రమెక్కితే మీసం ఊడిపోద్ది. ఎవరూ వెనక్కి అడగక దీని రీళ్ళ పెట్టె మన దగ్గరే పడుంది. దీన్ని మాత్రం ఏటా వెయ్యమని జనం పీక్కుతింటారు. రెండిటికీ తేడా ఏంటండీ?"

"ఇవాళ మ్యాట్నీ నువ్వొక్కదానివే వెయ్యి," అన్నారు మాస్టారు.

హాలు యజమాని పున్నయ్యగారు కింద నుంచి కేకేశారు. "తేడా వచ్చిందో, మళ్ళీ గేటుకే పోతావమ్మాయ్!"

రీళ్ళ డబ్బాలు తెరిస్తే, చివరి రెండింటి మీద సుద్దతో వేసిన అంకెలు ఒకటి, లోపల ఫిల్ము మీది అంకెలు ఇంకొకటి. పదమూడులో పద్నాలుగుంది, పద్నాలుగులో పదమూడుంది. ఆట ముగిసేవేళకు ఎప్పుడూ గేటు తీసే పనిలో ఉండేది కనుక నాంచారమ్మ ఆ సినిమా చివర ఏనాడూ చూడలేదు. చదివింది ఐదే అయినా అంకెల్లో ఆమె తప్పింది లేదు. ఇన్నేళ్ళ తప్పు తన కంటనే పడిందని పొంగిపోయి, సరిచేసి వేసింది. రాకుమారుడు గుర్రం మీద పాట పాడాడు. తర్వాత కత్తివేటుకు చచ్చాడు. తల్లి ఏడ్చింది. శుభం పడింది.

హాల్లో ఒక్కరూ లేవలేదు.

నాంచారమ్మ మిషను ఆపింది. గోడ కంతలోంచి చూస్తే, ఒళ్ళో బంతిపూల రేకలు పోసుకున్న ఒక ముసలావిడ ఇటే తిరిగి చూస్తోంది.

"ఏవమ్మోయ్ ఆపరేటరమ్మా! పిల్లాణ్ణి అట్టా పడుకోబెట్టి పోతావా? లేపు!"

"చచ్చాకే గదా మావోడు పాడేది!" అని వెనకనుంచి ఇంకెవరో అరిచారు.

హాలంతా "లేపు! లేపు!" అందుకుంది. పున్నయ్యగారు మెట్లెక్కి వస్తున్న చప్పుడైంది. డబ్బాల మీది వరస తప్పు కాదని, ఊరికి కావలసిందే అదని నాంచారమ్మకు అప్పుడు తెలిసింది. గబగబా పాట రీలు వెనక్కి చుట్టి మళ్ళీ ఎక్కించింది. రాకుమారుడు తెల్లగుర్రం మీద వచ్చాడు, మీసం మళ్ళీ ఊడింది, తెర మీదికి పూలు లేచాయి. తిట్టడానికి వచ్చిన పున్నయ్యగారు గుమ్మంలోనే నిలబడి పాట అందుకున్నారు. గేటు మాట మళ్ళీ ఎత్తలేదు. చచ్చినవాణ్ణి తన చేత్తో లేపినట్టు నాంచారమ్మ గుండె ఇంతైంది.

జనం వెళ్ళిపోయాక మాస్టారు మెట్ల మీద కూర్చుని అన్నారు. "పోయిన వారం సినిమాకి నేను నాలుగు రీళ్ళు తారుమారు చేసి వేశాను నాంచారమ్మా. ఒక్కరైనా అడిగారా?"

మర్నాడు పొద్దున్నే నాంచారమ్మ ఆ రెండు డబ్బాల మీది సుద్ద తుడిచి, ఊరి వరసలోనే ఎర్రరంగుతో అంకెలు వేసింది.