వాగు మీద తోట

దక్షిణామూర్తికి తాను కట్టిన వంతెన మీద అడుగు పెట్టే ధైర్యం లేదు.

అదేమీ అల్లాటప్పా వంతెన కాదు. బండ్లు పోవు, మనుషులే నడుస్తారు. బాగా వెడల్పుగా కట్టి, మట్టి పోయించి, పొగడ చెట్లు నాటించాడు. నీడలో బెంచీలు, పిల్లలు దొర్లడానికి పచ్చిక. వాగు మీద తోటేమిటని మొదట్లో ఊరంతా నవ్వింది. ఇప్పుడు సాయంత్రమైతే చాలు, రెండు ఒడ్ల జనమూ అక్కడే.

ఎందుకు కట్టాడో అందరికీ తెలుసు. అతని భార్య సుభాషిణి అవతలి ఒడ్డున ఉన్న పుట్టింటికి పోతూ ఆ వాగులో కొట్టుకుపోయింది. తెలియని సంగతి ఒకటుంది. తొలి వానలు పడ్డాయి, వెళ్లనా వద్దా అని ఆమె తటపటాయిస్తుంటే, "మోకాటి లోతే, వెళ్లిరా" అన్నది అతనే. ఇంజనీరు మాట కదా, నమ్మింది పాపం. ఆ సంగతి అతను ఎవరికీ చెప్పలేదు. అత్తగారికి ముఖం చూపించలేక అవతలి ఒడ్డుకు పోవడమే మానేశాడు.

అతని గురువు దర్గాలో ఉండే యాకూబ్ బాబా. వంతెన పూర్తయితే గుండెల్లో బరువు దిగుతుందనుకున్నాననీ, దిగలేదనీ ఆయన దగ్గర మొరపెట్టుకున్నాడు. ఇంకేదైనా పని చెప్పమన్నాడు. కావాలంటే ఇంకో వంతెన కడతానన్నాడు.

బాబా లేచి నిలబడ్డాడు. "నన్ను అవతలికి తీసుకుపో, మూర్తీ."

గురువు అడిగితే కాదనేదెలా? ముసలాయన అతని భుజం పట్టుకున్నాడు. ఇద్దరూ మెల్లగా వంతెన ఎక్కారు. దక్షిణామూర్తి తల వంచుకుని, చెట్ల వంకైనా చూడకుండా నడిచాడు. నడిమికి వచ్చేసరికి బాబా, కాళ్లు లాగుతున్నాయంటూ ఓ బెంచీ మీద చతికిలబడ్డాడు.

ఆ బెంచీ మీద అప్పటికే ఓ పెద్దావిడ కూర్చుని ఉంది. దక్షిణామూర్తి తలెత్తి చూసి కొయ్యబారిపోయాడు. ఆమె అతని అత్తగారు. కూతురు పోయిన చోటికి ఆమె రోజూ వస్తుందని ఊళ్లో తెలియనిది అతనొక్కడికే.

వెనక్కి తిరిగి పోదామనుకున్నాడు. బాబా అతని చెయ్యి పట్టుకుని ఆపాడు.

ఆమె కొంచెం జరిగి చోటిచ్చింది. "కూర్చో నాయనా."

కూర్చున్నాడు. కింద నీళ్ల చప్పుడు వినిపిస్తోంది. పచ్చిక మీద పిల్లలు కేరింతలు కొడుతున్నారు.

"మోకాటి లోతేనని చెప్పి పంపింది నేనే అత్తయ్యా."

ఆమె అతని వైపు చూడలేదు. కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

"పనసపండు మగ్గింది, ఆ పూటే రమ్మని కబురు పెట్టింది నేను," అంది.

దక్షిణామూర్తి ఆమె చెయ్యి పట్టుకుని పసివాడిలా ఏడ్చాడు. ఆమె కూడా ఏడ్చింది.

కాసేపటికి బాబా లేచాడు. ఊతమిద్దామని దక్షిణామూర్తి కన్నీళ్లు తుడుచుకుంటూ లేవబోయాడు.

"నువ్వు కూర్చో," అన్నాడు బాబా.