చీకటోడు నోరు తెరిచిన పగలు

బీరయ్య మంద గుట్టకింద ఉంటది. చుట్టూ తుమ్మకంప, నడుమ నీళ్ల తొట్టి, పక్కకు చక్రం ఊడిన పాత బండి. పగటీలి బువ్వ తిన్నంక బీరయ్య ఒరిగి సెల్లుల ఆట ఆడుతడు. చుక్కలల్ల తిరిగే బండ్లు, మొగం కనవడని దుష్టుడు. గొర్లు, మేకలు ఆయన భుజం మీదికెల్లి జూసి జూసి ఆ ఆట నేర్చుకున్నయి. ఆయనకు కన్నంటుకున్నదంటే ఇవి మొదలుపెడతయి.

ఊడిన బండే వీటి చుక్కల బండి. నీళ్ల తొట్టి చందమామ. గోనెసంచి కప్పుకున్నోడు చీకటోడు. వాడు తాకితే ఆటకెల్లి ఔటు. సంచి గడ్డిమోపు ఎనుక ఉంటది, ఎవలికి బుద్ధి వుడితే వాళ్లు పోయి దూరుతరు. లోపల ఎవలున్నరో ఎవలికీ తెల్వదు. ఒక్కటే కట్టు: చీకటోడు మాట్లాడొద్దు, వాణ్ని ఎవలూ ఏమీ అడుగొద్దు.

మందల బొల్లి అని ఒక ముసలి గొర్రె. పోయిన వానకాలం వాగొడ్డున పొదల ఎనుక ఒక్కతే ఈనింది. పిల్లను నాకి, నిలవెట్టి, మంద దిక్కు తిరిగి ఒక్క అరుపు అరిచింది. మళ్ల తిరిగి జూస్తే పిల్ల లేదు. వాగు తీస్కపోయిందన్నరు అందరు. ఆమె గూడ అట్లనే అనుకున్నది. అప్పటిసంది కంప సందుకాడ నిలవడి వాగు దిక్కే జూస్తది.

ఆ దినం తుంటరి మేక లొల్లి వెట్టింది.

"ఇన్ని దినాలు ఆడినం, చీకటోడు ఎందుకు మన మీద వడుతుండో తెల్వదు. ఎవలన్న కొట్టిండ్రా? తల్లి సచ్చిందా?"

"తల్లి సచ్చిందంటే నువ్వు ఉరుకుతవా, నిలవడి ఏడుస్తవా?" అన్నడు కొండడు అనే పొట్టేలు.

"ఏడుస్త."

"ఇగ ఆటేడున్నది? సావింటికి వోయినట్టుంటది."

"నీకు కొమ్ములున్నయి బావా. తెల్సుకునే పని నీకేముంటది? నువ్వు చెప్పు పెద్దమ్మా."

బొల్లి నెమరేస్తనే అన్నది: "వద్దే. వాడు గోస చెప్తే నేను ఇంట. ఇంటే నా కాళ్లు కదలవు."

కంప అవతల ఒక నక్క పండుకొని ఇదంత ఇన్నది. అది అప్పుడు వీళ్లకు తెల్వదు.

ఆట షురువైంది. గడ్డిమోపు ఎనుకకెల్లి చీకటోడు లేచిండు. ఉల్లిగడ్డల సంచి, గుప్పున వాసన. అందరు బండి దిక్కు ఉరికిండ్రు. బొల్లి సందుకాడనే ఉండిపోయింది. చీకటోడు దగ్గరికొచ్చిండు. తాకలే.

"అమ్మా" అన్నడు.

బొల్లికి నెమరు నోట్లనే ఆగింది. చీకటోడు మాట్లాడుడు ఇన్ని దినాలల్ల లేదు.

"నేను చెడ్డోణ్ని గాదమ్మా. నీ పిల్లను. వాగుల కొట్టుకపోతుంటే చుక్కల బండోళ్లు ఎత్తుకపోయిండ్రు. తల్లి లేక, పాలు లేక ఇట్ల అయిన. నా గోస ఎవలూ అడుగలే."

ఆమె కాళ్లు నిజంగనే కదలలే. పాలు ఎండిపోయిన పొదుగు ఒక్కసారి గుంజింది.

"నమ్మవా? నా ఎడమ చెవికింద నల్లమచ్చ, నువ్వు రెండుసార్లు నాకినవు గద. కంప దాటి రా అమ్మా. వాగుకాడ నా బండి ఉన్నది."

ఆ మచ్చ సంగతి బొల్లి ఎవలికీ చెప్పలే. చెప్పనీకె నోరు రాలే. ఆ పొదల ఎనుక ఆమె, పిల్ల, ఇగ పిల్లను ఎత్తుకపోయినోడు. నాలుగో పానం లేదు. పిల్లకు అప్పటికి అరుపు గూడ రాలే, ఎన్నిసార్లు నాకిందో యాదెట్ల ఉంటది? వాగు గాదు. ఇన్ని నెలలు ఊకెనే వాగును తిట్టుకున్నది.

అరిచేదే. కానీ అరిస్తే వాడు ఉరుకుతడని ఆపుకున్నది.

"బిడ్డా" అన్నది మెల్లగ, "ఎండల నడువలేను. తొట్టికాడ రెండు గుక్కలు తాగి పోదాం. నా పక్కపొంటి రా."

"వాళ్లు జూస్తరేమో అమ్మా."

"జూడనియ్యి. నువ్వు నా పిల్లవైతివి, ఇగ భయమేంది?"

సంచిల ఉన్నోనికి ఆ మాట తీపిగ అనిపించింది. వెంట నడిచిండు. తొట్టికాడ కొండడు నిలవడి ఉన్నడు.

"కొండా, ఈ చీకటోడు మాట్లాడుతుండు" అన్నది బొల్లి.

పొట్టేలు రెండడుగులు ఎనుకకేసి గుద్దింది. చీకటోడు సంచితోనే ఎగిరి తొట్టికి తాకిండు. సంచి కిందికెల్లి ఎర్రతోక జారింది. మేక ఉన్నకాడనే కూలవడ్డది. నక్క లేచి ఉరికింది గని తలమీద సంచి, కండ్లు కనవడక పోయి పోయి తుమ్మకంపల ఇరుక్కున్నది. కేకకు బీరయ్య లేచిండు, కట్టె తీసిండు. గుట్టకింద ఆ నక్క మళ్ల కనవడలే.

మేక లేచి బొల్లి దగ్గరికొచ్చింది.

"లోపల నక్కున్నదని ఎట్ల తెలిసింది పెద్దమ్మా?"

"వాడే చెప్పిండు" అన్నది బొల్లి. ఆ పొద్దుసంది సందుకాడ నిలవడుడు బంద్ వెట్టింది.

ఆటల దుష్టుడు సప్పుడు జెయ్యకుంటెనే అందం. మందల దుష్టుడు గోస చెప్పుకుంట వస్తే, ఏడ్వకముందు ఇదంత నీకెట్ల తెలుసని సూసుకోవాలె.