బూదిగాడి మంద

ఓడకి తెరచాప తప్ప వేరే బలం లేని రోజుల్లో, గాలి ఎటు తోస్తే మనిషి అటు పోయే రోజుల్లో, ఒక కుక్క ఉండేవాడు. వాడి పేరు బూదిగాడు. పొయ్యిలో బూడిద మీద దొర్లి లేచొచ్చినట్టు ఉండేది వాడి రంగు. అందుకని ఆ పేరు.

బూదిగాడు దాలయ్య ఇంటి కుక్క. దాలయ్యకి గొర్రెల మంద ఉండేది. పెళ్ళాం అసిరమ్మ, కూతురు పోలి. కొండ కింద గుడిసె, గుడిసె పక్కన దొడ్డి, దొడ్డికి వెదురు తడిక. అంతే వాళ్ళ సంసారం.

గొర్రెలు కాసేవాళ్ళు కుక్కని పెంచే తీరు వేరు. కళ్ళు తెరవని పిల్లని తెచ్చి గొర్రెల మధ్య పడుకోబెడతారు. గొర్రె పాలే పడతారు. సాయంత్రం మందంతా దొడ్డిలోకి వెళ్ళి తడిక పడితే తప్ప దానికి కూడు పెట్టరు. ఎంత ఏడ్చినా పెట్టరు. అలా కొన్నాళ్ళు చేస్తే చాలు. ఇక బతికినంత కాలం ఆఖరి గొర్రె లోపలికి రాకుండా ఆ కుక్క తినదు, పడుకోదు.

బూదిగాడూ అలా పెరిగినవాడే. వాడికి లెక్క తెలీదు, వాసన తెలుసు. గొర్రెలు ఒకదాని వెనక ఒకటి లోపలికి పోతుంటే తడిక పక్కన నిలబడి ముక్కు ఆడించేవాడు. ఒకటి తగ్గిందా, ఇక కాళ్ళు నిలిచేవి కావు. అటు తిరిగేవాడు. ఇటు తిరిగేవాడు. కొండ వైపు పరుగు తీసి, ఏ పొదలోనో చిక్కుకున్నదాన్ని మడమలు కరిచి తోలుకొచ్చేవాడు. అప్పుడు అసిరమ్మ తడిక లాగి, "ఒచ్చీసారు, అందరూ ఒచ్చీసారు" అనేది. అని చట్టిలో అంబలి పోసేది. వాడు అంబలి తాగి, తన చుట్టూ తాను మూడుసార్లు తిరిగి పడుకునేవాడు.

ఒక ఏడు వాన రాలేదు. గడ్డి పోయింది. రెండో ఏడూ వాన రాలేదు. చెలమలో నీళ్ళు పోయాయి. మూడో ఏడూ వాన రాలేదు. మంద పోయింది. చచ్చినవి చావగా మిగిలినవాటిని దాలయ్య సంతలో ఇచ్చేశాడు. ఎవరో కొత్త మనుషులు వాటిని తోలుకుపోతుంటే బూదిగాడు వెంట పరుగెత్తాడు. దాలయ్య వాడి మెడకి తాడు వేసి లాక్కొచ్చాడు. ఆ సాయంత్రం దొడ్డిలోకి ఒక్క గొర్రె రాలేదు. తడిక పడలేదు. బూదిగాడు పడుకోలేదు.

సముద్రం అవతల చెరుకు తోటలున్నాయట, పనికి మనుషులు కావాలట, పూటపూటకీ అన్నమేనట అని ఒకాయన ఊరూరా చెప్పుకుంటూ వచ్చాడు. దాలయ్య విన్నాడు. ఒక మూట కట్టుకున్నాడు. గొంగళి భుజాన వేసుకున్నాడు. పెళ్ళాన్నీ కూతుర్నీ తీసుకుని రేవుకి నడిచాడు. వెనక బూదిగాడు నడిచాడు.

దాలయ్య రాయి చూపించి వెళ్ళరా అన్నాడు. వాడు వెళ్ళలేదు. రాయి విసిరాడు. వెళ్ళలేదు. మూడోసారి రాయి చేతిలోకి తీసుకుని విసరలేకపోయాడు. అసిరమ్మ అతని భుజం మీది గొంగళి లాగి కుక్కని అందులో చుట్టి చంకనెత్తుకుంది.

ఓడ దగ్గర, ఓడ పనివాళ్ళకి పెద్ద, సరంగు ఆపాడు. "ఆ మూటలో ఏటమ్మా?"

"మా అత్త. ఒంట్లో బాగోలేదు."

"మీ అత్తకి తోకుందేటే?"

"ఏం, మీ అత్తకి లేదా?" అంది అసిరమ్మ.

చుట్టూ ఉన్నవాళ్ళంతా నవ్వారు. సరంగు కూడా నవ్వాడు. నవ్వినవాడు మళ్ళీ కోపం తెచ్చుకోలేకపోయాడు. అలా ఓడెక్కాడు బూదిగాడు.

ఓడ మీద వాడికి ఏమీ అర్థం కాలేదు. నేల నిలవదు. చెట్టు లేదు, పుట్ట లేదు. ముక్కు ఎటు పెట్టినా ఉప్పే. వాడు అనుకున్నాడట, మావాళ్ళు ఏదో దూరపు మేతకి బయల్దేరారు అని. వానలు లేని ఏడు దూరం పోవడం వాడికి అలవాటే. ఎంత దూరం పోయినా సాయంత్రానికి మందని వెనక్కి మళ్ళించాలి. అది తన పని.

ఓడ దిగారు. చెరుకు తోటల పక్కన వరసగా కట్టిన మట్టి ఇళ్ళలో ఒకటి వాళ్ళకి ఇచ్చారు. ఇళ్ళన్నిటికీ చుట్టూ కంచె, కంచెకి ఒక తడిక. పొద్దున్నే అందరూ తోటలోకి పోయారు. పొద్దు వాలుతుంటే బూదిగాడు లేచాడు. మేత అయిపోయింది కదా, ఇంటికి మళ్ళాలి కదా! దాలయ్య మడమలు మెల్లగా కరిచి సముద్రం వైపు తోలాడు. "ఏట్రా నీ గోల" అని నవ్వుతూ కొంత దూరం వెళ్ళి తిరిగొచ్చాడు దాలయ్య. మర్నాడు పోలిని తోలాడు. ఆ పిల్ల గవ్వలు ఏరుకుని తిరిగొచ్చింది. మూడోనాడు అసిరమ్మని తోలాడు. ఆవిడ నీళ్ళ దాకా వెళ్ళింది. నిలబడి చూసింది. చూసి చూసి ఇసకలో కూలబడి ఏడ్చింది.

"ఒరే, మన దారి నీళ్ళ కింద ఉండిపోనాదిరా. ఎలా నడుత్తాం?"

బూదిగాడికి మాట తెలీలేదు గానీ ఏడుపు తెలిసింది. ఆ రోజు నుంచీ ఎవర్నీ సముద్రం వైపు తోలలేదు.

కానీ పడుకోవడం ఎలా? మంద లేదు. దొడ్డి లేదు. ఇంటి ముందు తిరిగాడు. ఇంటి వెనక తిరిగాడు. పోలి అంబలి పోస్తే ముక్కు పెట్టి తీసేశాడు. పక్కటెముకలు బయటపడ్డాయి. ఊరి మీద బెంగ అన్నాడు దాలయ్య. అసిరమ్మ ఉప్పూ మిరపకాయలూ తిప్పి దిష్టి తీసింది. తగ్గలేదు. కాలికి నల్లతాడు కట్టింది. తగ్గలేదు. అమ్మవారికి మొక్కుకుంది. అదీ పనిచెయ్యలేదు.

ఒక సాయంత్రం తోట నుంచి జనం వస్తుంటే బూదిగాడు కంచె తడిక దగ్గర ఆగిపోయాడు. ఒక మనిషి లోపలికి పోయాడు. ఇంకో మనిషి పోయాడు. తడిక ఉంది. లోపలికి పోయేవాళ్ళున్నారు. బూదిగాడి చెవులు లేచాయి. ఆనాటి నుంచీ రోజూ పొద్దు వాలేసరికి తడిక పక్కన నిలబడి, వచ్చినవాళ్ళందరినీ వాసన చూడడం మొదలుపెట్టాడు.

ఆ వరస ఇళ్ళలో తలో ఊరివాళ్ళు ఉండేవారు. వలలు వేసేవాళ్ళు, మగ్గం నేసేవాళ్ళు, కుండలు చేసేవాళ్ళు. అక్కడ ఒకరి పొయ్యి మీద ఏం ఉడుకుతుందో ఇంకొకరు అడిగేవారు కాదు. పక్కింట్లో ఎవరున్నారో తెలిసేది కాదు. మనదేశంలో ఒక చాప మీద కూర్చోనివాళ్ళు ఇక్కడ ఒక కంచెలో ఎలా కూర్చుంటారు? బూదిగాడికి ఆ సంగతి తెలీదు. వాడికి అందరూ ఒకటే మంద.

అందరూ వచ్చేవారు. ఒక్కడు వచ్చేవాడు కాదు.

వాడు కొర్లయ్య. చివరింటి మనిషి. పెళ్ళాం లేదు, పిల్లలు లేరు. పని అయ్యాక కాలవ గట్టు మీద ఒక్కడే కూర్చుని ఎప్పుడో వచ్చేవాడు. అప్పటిదాకా బూదిగాడు తడిక దగ్గరే. అటు తిరుగుడు, ఇటు తిరుగుడు. కొర్లయ్య వస్తూనే కాలితో తోసేవాడు.

"ఏటే అప్పా, దేశం కాని దేశానికి కుక్కని మోసుకొచ్చినోళ్ళని మిమ్మల్నే చూసినాను. ఈడు నాకు కాపలాయా? నానేమైనా గొర్రెనా?"

"గొర్రెవైతే బాగుణ్ణు కొర్లన్నా, వేళకి ఇంటికొద్దువు" అంది అసిరమ్మ.

ఆ మాట అన్నాకే ఆవిడకి తట్టింది. ఓలమ్మా, వీడికి బెంగ కాదు, పని! తడిక పడితే గానీ తినడు వీడు. కొర్లయ్య వస్తే గానీ తడిక పడదు. కొర్లయ్య వేళకి రాడు. మరేటి చెయ్యడం? కుక్క చచ్చిపోయేలా ఉంది.

అప్పుడు అసిరమ్మ ఒక పని చేసింది. జాలితోనే చేసింది. కొర్లయ్య రాకుండానే తడిక లాగేసి, "ఒచ్చీసారు, అందరూ ఒచ్చీసారు" అని చట్టి పెట్టింది.

బూదిగాడు ఆవిడ మొహంలోకి చూశాడు. ఒకటి తక్కువ అంటోంది ముక్కు. అందరూ వచ్చారు అంటోంది అమ్మ. కళ్ళు తెరిచిన నాటి నుంచీ ఆ గొంతు ఒక్కసారీ అబద్ధం చెప్పలేదు. వాడు అంబలి తాగాడు. మూడుసార్లు తిరిగి పడుకున్నాడు. మళ్ళీ లేచాడు. మళ్ళీ తిరిగాడు. మళ్ళీ పడుకున్నాడు. మళ్ళీ లేచాడు. కొర్లయ్య తన పాటికి తాను తడిక తెరుచుకుని వచ్చాక గానీ వాడి కళ్ళు మూతపడలేదు.

మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే. కుక్క ఒళ్ళు చేసింది. అసిరమ్మ సంతోషపడింది.

ఆ దేశంలో చెరుకు నరికే ముందు తోటకి నిప్పు పెడతారు. ఆకూ, అందులో దాక్కున్న పాములూ పోయి గడ మిగులుతుంది. పొద్దు వాలి గాలి తగ్గాక పెడతారు. అలా ఒక తోటకి నిప్పు పెట్టే రోజు వచ్చింది. ఆ రోజు కొర్లయ్యకి జ్వరం. జ్వరమంటే మేస్త్రీ ఊరుకోడు. అందుకని ఎవరికీ చెప్పకుండా చెరుకు మధ్యలోకి పోయి ఆకు పరుచుకుని పడుకున్నాడు. ఒళ్ళు తెలీని నిద్ర పట్టేసింది. సాయంత్రం మేస్త్రీ గట్టు మీద నిలబడి "లోపలెవరైనా ఉన్నారా" అని మూడుసార్లు కేకేశాడు. ఎవరూ పలకలేదు. నిప్పు పెట్టేశారు.

ఇక్కడ అసిరమ్మ పొగ చూసింది. ఇంకో తోట తగలెడుతున్నారు కాబోలు అనుకుంది. ఎప్పటిలాగే తడిక లాగింది. "ఒచ్చీసారు, అందరూ ఒచ్చీసారు." చట్టి పెట్టింది.

బూదిగాడు చట్టి వైపు చూశాడు. అమ్మ వైపు చూశాడు. పొగ వైపు ముక్కెత్తాడు. ఒకటి తక్కువ. ఒకటి తక్కువ. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి వాడు అమ్మ మాట నమ్మలేదు. తడిక మీంచి దూకాడు.

అసిరమ్మ చివరింటి వైపు చూసి అరిచింది. "మావా! కొర్లన్న ఏడీ?"

దాలయ్య పక్కింటివాళ్ళని అడిగాడు. వాళ్ళు ఆ పక్కవాళ్ళని అడిగారు. చివరింటి మనిషి వచ్చాడో లేదో ఎవరూ ఎప్పుడూ చూడలేదు. కుక్క ఒక్కడే చూశాడు. దాలయ్య గొంగళి నీళ్ళలో ముంచి కప్పుకుని పొగలోకి పరుగెత్తాడు.

కాసేపటికి చెరుకు చీల్చుకుంటూ కొర్లయ్య బయటపడ్డాడు. పిక్కల నిండా రక్తం.

"పట్టండర్రా ఈ కుక్కని! పీకీత్తున్నాడు! సంపీత్తున్నాడు!"

అని వెనక్కి తిరిగి చూశాడు. తను పడుకున్న చోట తాటిచెట్టంత మంట. వాడి మడమల వెనక బూదిగాడు. ఒంటి మీద బొచ్చు లేదు. ఒక కన్ను తెరుచుకోవడం లేదు. అయినా తోలుతూనే ఉన్నాడు. కొర్లయ్య తడిక దాటి లోపలికి అడుగు పెట్టాకే ఆగాడు.

"పడుకోరా నాయనా, పడుకో" అన్నారు అందరూ.

వాడు పడుకోలేదు. కాళ్ళు వణుకుతున్నాయి. దారి వైపే చూస్తున్నాడు.

"నాను ఒచ్చీసాను కదరా" అని కొర్లయ్య దణ్ణం పెట్టాడు. వాడు చూడలేదు.

అసిరమ్మ వాడి తల నిమిరి, "ఒచ్చీసారురా, అందరూ ఒచ్చీ..." అంది. వాడు ఆవిడ వైపు మొహం కూడా తిప్పలేదు. ఆ మాటకి ఇక విలువ లేదని ఆవిడకి తెలిసిపోయింది. చేతులు వెనక్కి తీసుకుని కూర్చుంది.

అప్పుడు తడిక దగ్గర నిలబడ్డ జనం మొదటిసారి ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. ఎవరు రాలేదు? ఎవరు రావాలి? పోలి అరిచింది. "మా అయ్య రాలేదు!"

కొర్లయ్య బయటపడ్డ సంగతి తెలీక దాలయ్య ఇంకా తోటలోనే వెతుకుతున్నాడు. పదిమందీ పరుగెత్తారు. నేసేవాడు, వలలు వేసేవాడు, కుండలు చేసేవాడు, కుంటుకుంటూ కొర్లయ్య. గొంతులు చించుకుని పిలిచారు. ఆ కేకల వెంట పడి దాలయ్య పొగలోంచి బయటికొచ్చాడు. వెళ్ళినవాళ్ళంతా ఒక్కొక్కళ్ళే తడిక దాటారు. బూదిగాడు నిలబడలేక నిలబడి ఒక్కొక్కళ్ళ కాళ్ళే వాసన చూశాడు. అందరికంటే వెనక దాలయ్య వచ్చాడు. లోపలికి అడుగు పెట్టి, వాడి ముక్కు ముందు తన పాదం పెట్టి అన్నాడు:

"నానేరా ఆకరు. ఇంక తొంగో."

బూదిగాడు ఆ పాదం వాసన చూశాడు. తన చుట్టూ తాను ఒకసారి తిరిగాడు. రెండోసారి తిరిగాడు. మూడోసారి తిరగలేక అక్కడే పడుకున్నాడు. మరి లేవలేదు.

వాణ్ణి తడిక పక్కనే పూడ్చారు. గొయ్యి కొర్లయ్య తవ్వాడు. ఆ రోజు అందరి అన్నం అసిరమ్మ పొయ్యి మీదే వండుకున్నారు, ఒక చోటే తిన్నారు.

ఇప్పుడక్కడ ఆ వరస ఇళ్ళు లేవు. మన మాట కూడా పిల్లలకి సగం సగమే వచ్చు. గొర్రెని చూసినవాళ్ళు తక్కువ. కానీ సాయంత్రం ఇంటికి ఆఖరున వచ్చిన మనిషి గడప దాటుతూ, "నానే ఆకరు, ఇంక తొంగో" అంటాడు. ఆ మాట వచ్చినవాడే అనాలి. వాడి బదులు తల్లి అనకూడదు, పెళ్ళాం అనకూడదు. అది వినబడేదాకా ఎంత ఆలస్యమైనా తలుపు మూయరు.

ఎవరూ లేనివాళ్ళు కూడా తమ ఇంటి తాళం తీసి, ఖాళీ గదిలోకి అడుగు పెడుతూ ఆ మాట అంటారు. అని, ఒకసారి వెనక్కి తిరిగి దారంతా చూసి, అప్పుడు తలుపు వేసుకుంటారు.