లోవరాజు ఎక్కబోయిన కొండ

కోనసీమలో కొబ్బరికాయలు ఎక్కడైనా కాస్తాయి గానీ, తెలివి కాసేది మాత్రం ఒక్క మేడిశెట్టి వారింట్లోనే. ఈ మాట ఊళ్ళోవాళ్ళు అన్నది కాదు, మేడిశెట్టి వాళ్ళే అన్నారు. ఊళ్ళోవాళ్ళకి అంత తెలివెక్కడేడిసింది మరి!

ఆ ఇంట్లో నాలుగు బుర్రలు. ఇంటిపెద్ద తాతబ్బులు, ఆయన పెళ్ళాం వరాలమ్మ, ఆయన తమ్ముడు పోతురాజు, వరాలమ్మ తమ్ముడు లోవరాజు. నలుగురూ కూర్చుని ఆలోచించడం మొదలెడితే వీధికుక్కలు లేచి పక్కవీధికి పోయేవి. అందరిలోకీ పదునైన బుర్ర లోవరాజుది. "మా బావమరిది వానలో గొడుగు విప్పడండోయ్, తడిసిపోతుందని" అని తాతబ్బులు పదిమందిలో చెప్పుకుని మురిసిపోయేవాడు.

ఓ రోజు టీకొట్టు దగ్గర ఎవడో ఊరుకోలేక అన్నాడు. "ఏరా లోవరాజూ, లోవంటే లోయ కదా. ఏ లోయకి రాజువిరా నువ్వు? ముప్పై ఏళ్ళొచ్చాయి, ఒక్క కొండ మొహమైనా చూశావా?"

అందరూ పకపకా నవ్వారు. నిజమే మరి. ఆ చుట్టుపక్కల కాలవగట్టుని మించిన ఎత్తు లేదు. లోవరాజుకి రోషం పొడుచుకొచ్చింది. గ్లాసు ఠంగుమని పెట్టాడు.

"హిమాలయాల్లో లోయ చూసొచ్చేదాకా ఈ కొట్లో టీ ముట్టుకుంటే ఒట్టు!"

ఒట్టయితే పెట్టాడు గానీ, ఆ కొట్టు అల్లం టీ గొంతులో పడకపోతే లోవరాజుకి పొద్దు పొడవదు. మర్నాటి నుంచీ పాపం, రోడ్డుకి ఇవతల నిలబడి వాసన పీల్చుకుని ఇంటికొచ్చేవాడు.

పక్కూళ్ళో సుబేదారు జోగినాథం గారని ఉన్నారు. మిలట్రీలో చేసొచ్చిన మనిషి. ఏడాదికోసారి పదిమందిని వెంటేసుకుని హిమాలయాల్లో ఓ లోయకి తీసుకెళ్తారు. ఆరు రోజుల నడక. ఈసారి నాలుగు సీట్లు మిగిలాయని తెలిసి లోవరాజు ఫోను కొట్టాడు.

"పన్నెండు వేల అడుగుల ఎత్తులో లోయ అది. ఆషామాషీ కాదు" అన్నారు సుబేదారు గారు. "ఆదివారం వచ్చి చూస్తాను. తయారుగా ఉంటే తీసుకెళ్తాను, లేదంటే సీట్లు వేరేవాళ్ళకి ఇచ్చేస్తాను."

"ఎత్తులో లోయేంటి?" పోతురాజు మొహం చిట్లించాడు. "లోయంటే పల్లం కదా! ఎత్తులో పల్లం ఎలా ఉంటుంది? పాపం ఆయనకి పెద్దతనం వచ్చేసింది."

"చేసి చూస్తేగానీ తెలీదు చిన్నబావా" అన్నాడు లోవరాజు.

అంతే, నలుగురూ పెరట్లో కొబ్బరిడొక్కల కుప్పెక్కి పైన గొయ్యి తవ్వడం మొదలెట్టారు. గొయ్యి దిగుతోంది, కుప్ప తరుగుతోంది. సాయంత్రానికి గొయ్యీ లేదు, కుప్పా లేదు, పెరడంతా డొక్కలు.

"చూశారా!" లోవరాజు నడుం మీద చేతులేసుకున్నాడు. "లోయలోకి దిగేవాళ్ళు ఎక్కువైతే కొండే తరిగిపోతుంది. అందుకే ఆయన పదిమందినే తీసుకెళ్తున్నాడు!"

అందరూ ఔరా అనుకున్నారు.

మర్నాడు సుబేదారు గారు ఎలా తయారవ్వాలో ఫోన్లో చెప్పారు. "ముందు ఎత్తు అలవాటు చేసుకోవాలి. పగలంతా పైకెక్కాలి, పడుకోడానికి కిందికి దిగాలి."

ఇంకేముంది, తెల్లారేసరికి నలుగురూ నాలుగు కొబ్బరిచెట్ల మీదున్నారు. వరాలమ్మకి నిచ్చెన వేశారు. పక్కింటి అచ్చియమ్మ తలెత్తి చూసింది.

"ఏమే వరాలూ, కాయలు దింపుతున్నారా?"

"లేదత్తా. సాయంత్రం మమ్మల్ని దింపుకోవాలి కదా, అందుకని ఎక్కాం."

రెండు రోజులు పగలంతా చెట్ల మీదే కూర్చున్నాక లోవరాజుకి అనుమానం వచ్చింది. చెట్టుమీంచే ఫోను చేశాడు. "ఎత్తు అలవాటైపోయిందండీ. ఇంకేంటి కష్టం?"

"ఎత్తొక్కటే కాదయ్యా, అక్కడ గాలి పల్చగా ఉంటుంది. అదీ అసలు కష్టం."

గాలి పల్చన చెయ్యడం ఎలా? మగాళ్ళు ముగ్గురూ తల పట్టుకున్నారు. వరాలమ్మకి నవ్వొచ్చింది.

"మజ్జిగ చిక్కగా ఉంటే ఏం చేస్తాం? నీళ్ళు పోస్తాం. గాలికి వేరే శాస్త్రముందా?"

అంతే, పోతురాజు టేబుల్ ఫ్యాను తిప్పాడు, తాతబ్బులు బిందెడు నీళ్ళు దాని మొహాన కుమ్మరించాడు. ఫ్యాను టప్పుమంది, లైటు టప్పుమంది, వీధి వీధంతా టప్పుమంది. తాతబ్బులు గాల్లోకి లేచి వడ్లబస్తాల మీద పడ్డాడు.

"ఎలా ఉంది బావా?"

"గాలే ఆడట్లేదురా."

"చూశావా, ఎంత పల్చబడిపోయిందో!"

తడిసి ముద్దయిన నలుగురికీ వణుకు పట్టుకుంది. లోవరాజు మళ్ళీ ఫోను. "చలేస్తోందండీ సుబేదారు గారూ."

"రోహిణి కార్తెలో చలేంటయ్యా నీ మొహం! సరే, ఎలాగూ అడిగావు కాబట్టి చెప్తున్నా. అక్కడికి లావుపాటి కోటు ఒక్కటే పనికిరాదు. ఉల్లిపాయలాగ పొరలు పొరలుగా వేసుకోవాలి. చెమట పట్టగానే ఒక్కో పొరా తీసెయ్యాలి."

మగాళ్ళు తలో ఏడు చొక్కాలు తొడుక్కున్నారు. వరాలమ్మ ఏడు చీరలు చుట్టుకుంటే గుమ్మం పట్టలేదు, అందరూ కలిసి అరుగు మీదకి తోశారు. పావుగంటకి చెమటలు ధారలు కట్టాయి. తాతబ్బులు పైచొక్కా విప్పేశాడు.

"ఆగు బావా!" లోవరాజు కేకేశాడు. "ఉల్లిపొర తీస్తే ఏమవుతుంది?"

"కళ్ళంట నీళ్ళొస్తాయి."

"మరి నీకేవి?"

తప్పయిపోయిందిరా అని తాతబ్బులు చొక్కా మళ్ళీ తొడుక్కుని, ఏడుస్తూ విప్పాడు. ఇంకేముంది, నలుగురూ అరుగు మీద కూలబడి పొరకో ఏడుపు ఏడుస్తున్నారు. వీధంతా పోగయింది. అచ్చియమ్మ గుండెలు బాదుకుంటూ పరిగెత్తుకొచ్చింది.

"ఓరి నాయనోయ్! ఎవరే పోయింది వరాలూ?"

"ఇప్పటికి మూడు పోయాయత్తా" అంది వరాలమ్మ ముక్కు చీదుతూ. "ఇంకా నాలుగున్నాయి."

అచ్చియమ్మ అక్కడే విరుచుకుపడిపోయింది. నీళ్ళు చల్లి లేపారు.

ఇక మిగిలినవి బూట్లు. టౌనుకెళ్ళి నాలుగు జతలు తెచ్చుకున్నారు. "కొత్త బూట్లు ఇప్పట్నించే వేసుకు తిరగండి, లేకపోతే కరుస్తాయి" అన్నారు సుబేదారు గారు. కరిచేవాటిని ఊరికే వదుల్తామా? దూడమూతికి కట్టే చిక్కాలు తెచ్చి బూట్ల మూతులకి బిగించారు. అయినా సాయంత్రానికి పోతురాజు మడమ తోలు ఊడిపోయింది.

"ముందు మూతి కట్టేశాం కదా, వెనకెలా కరిచింది?"

"దీనికి వెనకాల కూడా నోరున్నట్టుందిరా!"

కుంటుకుంటూ ఆస్పత్రికెళ్ళారు. కాంపౌండరు తలెత్తకుండా అడిగాడు.

"ఏమైంది?"

"కరిచిందండి" అన్నాడు పోతురాజు.

"పెంపుడుదా, ఊరమీదదా?"

"మాదేనండి. మొన్నే కొన్నాం."

"పిచ్చి లక్షణాలేమైనా ఉన్నాయా?"

"ఆయ్, లేదండి. నోరే మెదపదు."

"అయితే కట్టేసి పదిరోజులు కనిపెట్టి చూడండి. తిండి మానేస్తే మాత్రం వెంటనే రండి."

అంతే, ఎనిమిది బూట్లూ గేదెల గుంజకి కట్టేశారు. వరాలమ్మ ముందర అన్నం పెట్టింది. ముట్టుకోలేదు. కుడితి పెట్టింది. వాసన కూడా చూడలేదు. ఇంటిల్లిపాదికీ పైప్రాణాలు పైనే పోయాయి.

ఆదివారం సుబేదారు గారొచ్చి పెరట్లోకి అడుగుపెట్టారు. గుంజకి బూట్లు, బూట్లకి చిక్కాలు, ముందర కుడితి బొక్కెన. చాలాసేపు చూశారు.

"ఇవేంటి?"

"దగ్గరికెళ్ళకండి, మంచివి కావు" అన్నాడు తాతబ్బులు.

ఆయన అరుగు మీద చతికిలబడ్డారు. లోవరాజు ఒక్క ఉదుటున ముందుకొచ్చాడు. ఈ మనిషి లేచి వెళ్ళిపోయాడా, జన్మలో మళ్ళీ అల్లం టీ లేదు. గబుక్కున ఆయన కాళ్ళ మీద పడ్డాడు.

"ఒక్కసారి మా నడక చూడండి బాబూ!"

ఆయనకి జాలేసింది. సరే పదండన్నారు. కాలవగట్టు మీద పన్నెండు కిలోమీటర్లు నడిపించారు. పుట్టినప్పటి నుంచీ కాయల గంపలు మోసిన కాళ్ళు కదా, బూట్లు లేకపోయినా నలుగురికీ రొప్పన్నది రాలేదు. సుబేదారు గారే చెట్టు పట్టుకుని నిలబడిపోయారు.

"భలే కాళ్ళర్రా మీవి! నాలుగు సీట్లూ మీకే. బూట్లు విప్పి పట్టుకురండి, గురువారం పొద్దున్నే వ్యాను వస్తుంది. మీ తల మాత్రం…" అని ఆగిపోయారు. ఏదంటే అది చేసేస్తారని అప్పటికే ఆయనకీ కాస్త తెలివొచ్చింది.

గురువారం వ్యాను వాకిట్లో ఆగింది. లోపల ఆరుగురు కూర్చుని ఉన్నారు. మూటలు ఎక్కించేశారు. వరాలమ్మ దేవుడి దగ్గర దీపం పెట్టింది. సాగనంపడానికి వచ్చిన అచ్చియమ్మ వీధి తలుపు తోసిందో లేదో, రివ్వున గాలొచ్చింది. ఆరిపోయిందన్న మాట నోట్లోంచి రానివ్వరు కదా పెద్దవాళ్ళు.

"అయ్యయ్యో వరాలూ, దీపం కొండెక్కిందే!"

లోవరాజు చేతిలో సంచీ కిందపడింది.

"ఏంటీ? మనకంటే ముందే? ఏ కొండ అత్తా?"

"ఏ కొండేంట్రా? గాలికి కొండెక్కింది."

"చెట్టెక్కలేదు, చొక్కాలు తొడగలేదు. అది ఎలా ఎక్కుతుందీ?" తాతబ్బులు నోరెళ్ళబెట్టాడు.

హారను మోగీ మోగీ, సుబేదారు గారే లోపలికొచ్చారు. సంగతి విని, అగ్గిపుల్ల గీసి వత్తి ముట్టించారు. "ఇదిగో మీ దీపం, వచ్చేసింది. ఇక పదండి."

లోవరాజు వంగి దీపాన్ని ఎగాదిగా చూశాడు. ఆయాసం లేదు, చెమట లేదు. ఉఫ్ మని ఊదాడు.

"మళ్ళీ కొండెక్కించావా, నీ దుంపతెగ!" అంది అచ్చియమ్మ.

అగ్గిపుల్ల గీశాడు. దిగొచ్చింది. ఊదాడు. వెళ్ళిపోయింది. గీశాడు. వచ్చేసింది. లోవరాజు నిటారుగా నిలబడి సుబేదారు గారి వంక జాలిగా చూశాడు.

"మిలట్రీలో ఇన్నేళ్ళు చేశారు, ఎవరూ చెప్పలేదాండీ మీకు? దీనికి ఆరు రోజులు నడవాలా? ఒక్క ఊపిరి పని! మీరెళ్ళండి, మేం ముందెళ్ళి అక్కడుంటాం."

సుబేదారు గారు మూటలు కిందకి దింపి వ్యానెక్కేశారు. వ్యాను దుమ్ము రేపుకుంటూ పోయింది.

ఇక్కడ నలుగురూ గుండ్రంగా నిలబడి, బుగ్గలు పూరించి, ఒకరి మొహం మీద ఒకరు ఉఫ్ ఉఫ్ మని ఊదుకుంటున్నారు.

"ఎక్కానా బావా?" కళ్ళు గట్టిగా మూసుకుని అడిగాడు లోవరాజు.

"ఇక్కడే ఉన్నావురా."

"ఇంకా గట్టిగా ఊదు!"

ఊదగా ఊదగా తాతబ్బులు తూలి స్తంభం పట్టుకున్నాడు. "ఒరేయ్, తల తిరిగిపోతోందిరా!"

"తల తిరుగుతోందా?" లోవరాజు మొహం విప్పారిపోయింది. "అయితే సగం కొండ ఎక్కేశాం! ఊదండి, ఆపకండి! అచ్చియమ్మత్తా, నువ్వు ఎక్కడికీ కదలకు. ఆ అగ్గిపెట్టె పట్టుకుని ఇక్కడే కూర్చో. మళ్ళీ మేం దిగాలంటే నువ్వే గీసి అంటించాలి!"