నాంచారమ్మ దాచిన ఉండలు

ఇలా దగ్గరికి జరగండి, ఆ దుప్పటి లాక్కోకండర్రా. అనగనగా జట్కా బళ్ళ వీధి ఒకటుండేదిట. అందులో నాంచారమ్మ, ఆవిడ కొడుకు పోలయ్య, కోడలు మంగి ఉండేవాళ్ళు. వీళ్ళకి అన్నం పెట్టేది గవ్వ. గవ్వంటే వాళ్ళ జట్కా లాగే ఆడగుర్రం. పుట్టగానే తల్లి పోతే నాంచారమ్మే పాలు పట్టి పెంచింది. కొడుకుని రోజూ తిట్టేది గానీ, గవ్వని పల్లెత్తు మాట అనేది కాదు. ఊ కొడుతున్నారా?

ఆ ఇంట్లో ఎలకలు పడ్డాయి. గడ్డిలో ఎలకలు, గంపలో ఎలకలు, గవ్వ తినే ఉలవల్లో ఎలకలు! నాంచారమ్మకి ఒళ్ళు మండి, ఎలకల మందు బెల్లంలో కలిపి ఉండలు చేసింది. ఎవరికీ చెప్పలేదు. పైకి అంటే ఎలకలు వింటాయిట, విని ముట్టుకోవుట! గుట్టుగా గుర్రపుసాల గోడమీద పెట్టింది. ఎలకలేమో వాటిని తినకుండా దొర్లించి దొర్లించి గవ్వ తొట్లో పడేశాయి.

తెల్లారి చూస్తే గోడమీద ఉండల్లేవు, గవ్వ మూతికి బెల్లం! గుర్రం మాత్రం నిక్షేపంలా నుంచుంది. పోలయ్య బండి కడుతున్నాడు. నాంచారమ్మకి సంగతి అర్థమైపోయింది. చెబితే కొడుకేమంటాడో, వీధి వీధంతా ఏమంటుందో!

ఇరుసు కిర్రుమంటోంది, పోకురా అంది. వాడు నూనె రాశాడు. ఎండ మండుతోంది, పోకురా అంది. తలకి తువ్వాలు చుట్టాడు. పిల్లి ఎదురొచ్చింది, పోకురా అంది. మనింట్లో పిల్లే ఉంటే ఇన్ని ఎలకలెందుకే అని నవ్వి, పగ్గాలు పట్టుకున్నాడు.

ఇంక ఆగలేక, బండికి అడ్డంపడి వీధంతా వినేలా అరిచింది. "ఒరే, అది ఎలకల మందు తిందిరా! నేనే పెట్టానురా!"

జనం పోగయ్యారు. పక్కింటి సూరయ్య ఉప్పునీళ్ళు పోసి కక్కించమన్నాడు. వాడి మొహం, గుర్రానికి వాంతి వస్తుందిటర్రా? మంగి వాణ్ణి పక్కకి నెట్టి, పొయ్యిలో బొగ్గు మెత్తగా నూరి, నీళ్ళలో కలిపి, వెదురు గొట్టంతో నెమ్మదిగా పట్టించింది. ఈలోగా పోలయ్య పశువుల డాక్టర్ని తీసుకొచ్చాడు. ఆయన సూది మందేసి, ఈ విషానికి నెత్తురు గడ్డకట్టదు, పైకి బాగానే కనిపిస్తుంది, ఇవాళ పరిగెత్తించి ఉంటే లోపల నెత్తురు కారిపోయి దక్కేది కాదన్నాడు. బొగ్గు విషాన్ని పీల్చుకుంటుంది, పట్టించి మంచిపని చేశారన్నాడు. దక్కేది కాదన్న మాటకి నాంచారమ్మ కూలబడి భోరుమంది.

పోలయ్య తల్లిని తిట్టలేదు. పక్కన కూచుని, గవ్వ బతుకుతుందిలేవే అమ్మా అన్నాడు.

అన్నట్టే బతికింది. కొన్నాళ్ళు బండి లేదు, పరుగు లేదు. రోజూ మందు, పచ్చగడ్డి, లేత అవిసాకు. నాంచారమ్మ సాలలోనే పక్కేసుకుంది. గవ్వ బొగ్గు మూతితో ఆవిడ చీరంతా నల్లగా చేస్తే, మురిసిపోయింది తప్ప విసుక్కోలేదు.

తప్పు చేశామనుకోండి, ముందు నోరు విప్పాలి. తిట్లు తర్వాత తినొచ్చు. ఆపైన ఆ ఇంట్లో మందు పెట్టడం మానేసి పిల్లిని తెచ్చుకున్నారు. ఆ పిల్లి గవ్వ వీపు మీదే పడుకునేదిట!

కథ కంచి దారి పట్టింది, మీరు నిద్ర దారి పట్టండి. ఎవర్రా అది, ఇంకా ఊ కొడుతున్నది?